బ్రేక్ లివరుకు కట్టిన ట్యూబు ముక్క

మా కింది పోర్షన్ మామ పోయారు. నాచారంలో మా వీధికంతా ఆయన మామే, నాకు ఇంటి ఓనరు కూడా. ఊపిరితిత్తులు చెడి నెల రోజులు దవాఖానాలో ఉన్నారు, ఇంటికి తిరిగి రాలేదు. పాడె మోశాను, కుళ్లి కుళ్లి ఏడ్చాను. పదకొండో రోజున మాత్రం ఆయన మీద నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను, కానీ నా కోపం కూడా వినండి.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మనిషి. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి పై గదిలో దిగిన కొత్తలో, నా బండి ముందు బ్రేకు రబ్బరు పైపు మీద పగుళ్లు చూసి గేటు దగ్గరే ఆపేశారు. “ఇంజన్ ఖరాబైతే నడుసుకుంట ఇంటికొస్తవ్ అల్లుడూ. బ్రేక్ ఖరాబైతే నలుగురు మోసుకొస్తరు” అన్నారు. మర్నాడే ఉప్పల్ తీసుకెళ్లి, పైన స్టీలు తీగ అల్లిన కొత్త పైపు కొనిపించారు. మెకానిక్‌కి ఇద్దామండీ అంటే, “నీ ‘అండీ’ పక్కన వెట్టి గా పానా అందుకో” అన్నారు.

మెట్ల కింద గోనెసంచి పరుచుకుని ఆదివారం పొద్దంతా కూర్చున్నాం. బ్రేక్ ఆయిల్ పడితే పెయింటు లేచిపోతుందని ట్యాంకు మీద తడిగుడ్డ కప్పించారు. కొత్త పైపు కొసకు అటొకటి, ఇటొకటి రాగి వాషర్ పెట్టి బోల్టు బిగించాలి. పాత వాషర్ బాగానే మెరుస్తోంది కదా అని మళ్లీ వేయబోతే చేతి మీద ఒక్కటిచ్చారు. “రాగి వాషరంటే ఎంగిలి ఇస్తరాకు. ఒక్కపారే!” ఆ రోజే నేను బోల్టు అతిగా బిగించి తల తెగ్గొట్టాను. తిడతారనుకున్నాను. పడీపడీ నవ్వి, “కుస్తీ పడుతున్నవా ఏంది?” అని ఇంకో బోల్టు తెప్పించారు.

పైపులో గాలి తీశాక, ఆఖరున బ్రేక్ లివరు నొక్కిపట్టి సైకిల్ ట్యూబు ముక్కతో హ్యాండిల్‌కి కట్టి తెల్లారేదాకా వదిలేయాలి. మిగిలిన బుడగలు పైకి చేరుకుంటాయి. ఆ ముడి నాతోనే వేయించేవారు. పొద్దున చూస్తే అది నేను వేసినదానికంటే గట్టిగా, పొందికగా ఉండేది. రబ్బరు కదా, తనే బిగుసుకుందనుకునేవాణ్ణి, వెర్రివెంగళప్పని. లివరు నొక్కితే రాయిలా ఉండేది. “నీ చేతిల పని ఉన్నది” అనేవారు మామ. ఆ మాట నమ్మి రెండేళ్లలో స్నేహితుల బండ్లు ఐదారింటికి ఆ మెట్ల కిందే పైపులు మార్చాను. నలుగురిలో గొప్పలు పోయాను కూడా.

పదకొండో రోజు భోజనాలయ్యాక అత్తమ్మ, అంటే మామ భార్య, ఆయన టార్చి లైటు తెచ్చి నా చేతిలో పెట్టింది.

“ఇది నీ కాడనే ఉండనీ బిడ్డా. తెల్లారి పాల ప్యాకెట్లకు పోయే ముంగట ఇది పట్టుకొని బండ్ల కాడ కూసునేటోడు గద.”

“ఏ బండ్ల దగ్గర అత్తమ్మా?”

“నువ్వు బిగించినయే. ట్యూబు ఇప్పి, పానా ఏసి, మళ్ల కట్టేటోడు. నీకు తెల్వదా?”

“అన్నిటికీనా?”

“అన్నిటికి. బోల్టు తెగిన కాడికెల్లి నీ చేతికి భయం వట్టిందట, వదులుగ ఇడిసిపెడుతున్నవట. ఇప్పుడే తప్పంటే పానా ముట్టడు, జర చెయ్యి కుదిరినంక చెప్త అన్నడు.”

చెప్పలేదు. ఇంతకంటే మోసం ఉంటుందా? నా ఎదుట మెచ్చుకుని, నా వెనక నా పని విప్పి చూస్తారా? ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఆయన సొమ్మేం పోయేది? ఆ బండ్లు ఎవర్నీ పడేయలేదంటే ఆయన చలవే, నాకు తెలుసు. దణ్ణం పెడతాను. అయినా కోపం పోదు.

అప్పుడు గుర్తొచ్చింది పోచారం బండి. మామ దవాఖానాలో ఉండగా, అక్కడ మా ఆఫీసు మిత్రుడి ఇంటికి వెళ్లి నేనొక్కణ్ణే పైపు మార్చిన బండి. ఆ సంగతి చెబితే మంచం మీంచి, “గా బండిని ఒకపారి దవాఖానా గేటు కాడికి తెమ్మను, దిగొచ్చి జూస్త” అన్నారు. శిష్యుడి పని చూసి మురిసిపోదామని కాబోలనుకుని, నవ్వి ఊరుకున్నాను. ఆ బండి ట్యాంకు మీద మిత్రుడి రెండేళ్ల పాప కూర్చుంటుంది.

బండి బయటికి తీయొద్దని ఫోన్ చేసి పోచారం పరుగెత్తాను. బోల్టు కింద వేలు పెడితే తడి తగిలింది. పానా వేస్తే ఇంకా పావు చుట్టు తిరిగింది.

“ఏమైందన్నా?” అన్నాడు మిత్రుడు.

“నేను సరిగ్గా బిగించలేదు” అన్నాను. మామ రెండేళ్లుగా నాతో అనలేకపోయిన ముక్క అది.

బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి నాచారం తెచ్చాను. మెట్ల కింద గోనెసంచి పరిచి, కొత్త వాషర్లు వేసి, భయపడకుండా బిగించి, గాలి తీసి, లివరుకు ట్యూబు కట్టాను.

పాల ప్యాకెట్ల వేళకు టార్చి పట్టుకుని కిందికి దిగాను. ముడి నేను వేసినట్టే వంకరగా ఉంది.