గట్టు అవతల చట్టం

మా చేను రెండు రాష్ట్రాల్లో ఉండేది. కణేకల్ దాటాక సరిహద్దు పల్లెల్లో ఇది వింతేమీ కాదు. మధ్యలో నడుం ఎత్తు రాతిగట్టు. ఇటు వేసిన జొన్న ఆంధ్రలో, అటు వేసిన పొద్దుతిరుగుడు కర్ణాటకలో. మా ఎద్దులు ఆ తేడా ఎన్నడూ పట్టించుకోలేదు. మా నాయన పట్టించుకున్నాడు.

అప్పుడు నేను అనంతపురంలో ఎమ్మే చదువుతున్నాను. సెలవులకు వచ్చేసరికి అన్న ఇంట్లో లేడు, గట్టు అవతల మోటారు షెడ్డులో దాక్కున్నాడు. పంచాయతీ ఎన్నికల గొడవలో అవతలి వర్గం మనిషి ఒకడు హతమైతే, కేసులో అన్న పేరు కలిపారు. హత్య జరిగిన పూట వాడు ఎరువుల కోసం బళ్లారి పోయి ఉన్నాడు. అయితేనేం? మా దిక్కు ఆచారం అది. నరికినవాళ్లతో పాటు ఎదుటి వర్గంలో ఇంటికొక మగవాడి పేరు రాయిస్తారు, ఇళ్లన్నీ ఒక్కసారే కూలిపోవాలని. మావాళ్లూ అంతకుముందు అదే పని చేశారు. మమ్మల్ని మంచివాళ్లని చెప్పడానికి నేనిది రాయడం లేదు.

"మన పోలీసులు ఆ పక్కకు పోరు పాపా. రాజ్యం వేరే గదా," అన్నాడు నాయన.

నేను అప్పుడు చదువుతున్నదే ఆ పాఠం. కొన్ని దేశాల్లో ఒక్కో రాష్ట్రానికి సొంత రాజ్యాంగం ఉంటుందనీ, అమెరికాలో ఒక రాష్ట్రంలో ఉరిశిక్ష ఉంటే పక్క రాష్ట్రంలో ఉండదనీ చెప్పాను. నాయన ముఖం వెలిగిపోయింది.

"అదీ రాజ్యమంటే! గట్టు దాటితే రూలు మారల్ల."

"ఆడ మారుతాది నాయనా, ఈడ కాదు. కాశ్మీరుకు తప్ప మన దేశంలో ఏ రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం లేదు. గట్టుకు ఆ పక్కైనా ఈ పక్కైనా హత్యకు చట్టం ఒకటే."

"చట్టం ఒకటే కావచ్చు పాపా. ఎస్సై ఒకడే కాదు గదా."

నాకు ఒళ్లు మండిపోయింది. "మరి కొడవళ్లకు గట్టు అడ్డమా?" అని అడిగాను. నాయన తువ్వాలు దులుపుకుని బయటికి పోయాడు.

ఇంతలో మా మండలంలో ఎస్సై మారాడు. కొత్తాయన్ని మా వర్గం నాయకుడే పట్టుబట్టి వేయించుకున్నాడు. ఇక భయం లేదు, అన్నను ఇంటికి తెచ్చుకుందామని నాయనా నేనూ మధ్యాహ్నం చేనికి బయలుదేరాం. నా చేతిలో సద్దిమూట, నీళ్ల చెంబు ఉన్నాయి.

ఆ కబురు అవతలి వర్గంవాళ్లకూ అందినట్టుంది. మేము గట్టు దగ్గరికి చేరేసరికి షెడ్డు ముందు జీపు ఆగింది. మొదటి నాటుబాంబుకు తలుపు ఎగిరిపోయింది. పొగలోంచి అన్న బయటికి పరుగెత్తాడు. రెండోది వాడి కాళ్ల దగ్గర పడింది. పడినవాడి మీద కొడవళ్లతో దిగారు. అడ్డం పెట్టిన చెయ్యి తెగింది, తర్వాత భుజం, తర్వాత మెడ పక్కన. కట్టెలు కొడుతున్నట్టు తీరుబడిగా కొట్టారు. నేను అరుస్తూనే ఉన్నాను. వాళ్లలో ఒకడు తలెత్తి నన్ను చూసి, కొడవలి పంచెకు తుడుచుకుని జీపెక్కాడు.

గట్టు దాటి పరుగెత్తాం. అన్న ఇంకా బతికే ఉన్నాడు. షెడ్డు వెనకే బళ్లారి రోడ్డు. ఎవరిదో ట్రాక్టరు ఆగి ఉంది.

"నాయనా, ట్రాక్టరుండాది! బళ్లారికి ఎత్తుకపోదాం పా!"

నాయన వాడి చంకల కింద చేతులు వేసి గట్టు వైపు ఈడ్చడం మొదలుపెట్టాడు.

"ఈడ సచ్చిపోతే కేసు కన్నడమోళ్లు రాసుకుంటారు. ఎవురి పేరు కలుపుతారు వాళ్లు? మన పక్కకు రావల్ల!"

పిచ్చిదానిలా వీపు మీద గుద్దాను. చెయ్యి కొరికాను. నాయన ఒక్క తోపు తోశాడు. రాళ్ల మీద పడ్డాను, చెంబు ఒలికిపోయింది, మోచెయ్యి విరిగింది. లేచేసరికి పొద్దుతిరుగుడు మొక్కల మధ్య నెత్తుటి చాలు, నాయన అన్నను గట్టు ఎక్కిస్తూ కనిపించాడు. ఇటు కోత కోసిన జొన్నకొయ్యల మీద పడుకోబెట్టాక చూస్తే ఊపిరి లేదు.

కేసు మా స్టేషన్‌లోనే రాశారు. నాయన చెప్పిన పేర్లన్నీ రాశారు, మంచం దిగలేని ఒక ముసలాయనతో సహా. అనంతపురం కోర్టులో అవతలి వకీలుకు అదే చాలింది. శవాన్ని జరిపారు, పేర్లు కల్పించారు, సాక్ష్యమంతా అబద్ధమన్నాడు. అందరినీ వదిలేశారు. నరికినవాళ్లు కూడా నవ్వుకుంటూ మెట్లు దిగారు. నేను నాయనతో చాలా ఏళ్లు మాట్లాడలేదు. కోర్టు ఓడినందుకు కాదు, బోనులో ఆయన చెప్పిన మాటకు.

"ఈడ్చేటప్పుడు నీ కొడుకు బతికి ఉన్నాడా?" అని అడిగాడు వకీలు.

"ఉండాడు సామీ. నీళ్లడిగినాడు. గట్టు దాటినాక ఇస్తాలేరా అంటి."