నిమిషం మారేటప్పుడు పోయిన నొక్కులు

పోయినవి ఇవి. మా అక్క చేతి గడియారం తొమ్మిది రోజుల లెక్కలో మూడు నొక్కులు. ఆమె ఇన్సులిన్ పెన్నులో ఇరవై యూనిట్ల మందు. నేను రాసిన ప్రోగ్రాం మీద నాకున్న ధైర్యం. ఈ మూడోదాన్ని కొలిచే అంకె నా దగ్గర లేదు.

నేను బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేస్తాను. చిప్పులకు ప్రోగ్రాం రాయడం ఎవరూ నేర్పలేదు. తప్పు తూచే కాటాలను విప్పి చూస్తూ, కారణం వెతుకుతూ నేర్చుకున్నాను. అక్క మెట్టుగూడలో ఒక్కతే ఉంటుంది. మిషన్ బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. పోయినేడాది నుంచి మతిమరుపు మొదలైంది. పొయ్యి మీద పాలు మరిచిపోతే గిన్నె మాడుతుంది, అంతే. ఇన్సులిన్ వేసుకున్న సంగతి మరిచి మళ్లీ వేసుకుంటే మాత్రం షుగర్ పడిపోయి మనిషే దక్కకపోవచ్చు.

అందుకని ఆమెకొక గడియారం చేసిచ్చాను. పొద్దున మందు వేసుకోగానే పక్కనున్న బటన్ నొక్కాలి. తెర మీద ‘వేసుకున్నారు’ అని వస్తుంది. తెల్లవారుజామున అది దానంతటదే చెరిగిపోతుంది. పొరపాటున నొక్కితే రెండోసారి నొక్కి రద్దు చేసుకోవచ్చు.

ఆ రెండో నొక్కే నన్ను భయపెట్టింది. బటన్ లోపల చిన్న రేకు ఉంటుంది. వేలితో ఒక్కసారే నొక్కినా రేకు అదిరి, చిప్పుకు నాలుగైదు నొక్కుల్లా కనిపిస్తుంది. మొదటిది లెక్కపడి, రెండోది దాన్ని రద్దు చేస్తే? గడియారం చిప్పు ఎక్కువ సేపు నిద్రలో ఉంటుంది. నిమిషం అంకె మార్చడానికి మేలుకుంటుంది, లేదా బటన్ నుంచి పిలుపు వస్తే మేలుకుంటుంది. ఆ పిలుపునే ఇంటరప్ట్ అంటారు. చిప్పు ఏ పని మీద లేచినా సరే, తిరిగి నిద్రపోయే ముందు ఈలోగా వచ్చిన పిలుపులన్నిటినీ తుడిచెయ్యమని ఒక వరుస రాశాను. బల్ల మీద పెట్టి వేళ్లు నొప్పి పుట్టేదాకా నొక్కి చూశాను. ఒక్కటి కూడా రెండుగా పడలేదు. నిశ్చింతగా తీసుకెళ్లి అక్క చేతికి కట్టాను. అదే రోజు ఆమె కొత్త పెన్ను మొదలుపెట్టింది.

తొమ్మిదో రోజు పొద్దున నేను ఒక కాటా కింద తల పెట్టి ఉండగా ఫోన్ వచ్చింది.

“ఒరేయ్, నేను మందు వేసుకున్నానంటావా?”

“నన్నడుగుతావేంటక్కా? గడియారం చూడు.”

“చూశాను. వేసుకోలేదంటోంది. నాకేమో వేసుకున్నట్టే ఉంది. నీ గడియారం అబద్ధమాడదు కదా, ఇంకోటి వేసేసుకుంటాను.”

“వద్దక్కా! పెన్ను కింద పెట్టు. నేనొచ్చేదాకా ముట్టుకోకు.”

స్కూటర్ మీద మెట్టుగూడ దాకా ఏ సిగ్నల్ దగ్గర ఆగానో గుర్తులేదు. వెళ్లేసరికి అక్క కుర్చీలో కూర్చుని ఉంది. పక్కింటామె గుమ్మంలో నిలబడి ఉంది. మీటరుతో షుగర్ చూస్తే నూట పన్నెండు వచ్చింది. పడిపోలేదు.

“ఏందన్నా, గంత పరేషాన్ అయితున్నవ్?” అంది పక్కింటామె. “గడియారం చేసినోనివి నువ్వే, భయపడేటోనివి నువ్వేనా?”

పెన్ను తీసుకుని వెలుతురుకు పట్టాను. పెన్నులో మూడు వందల యూనిట్లు పడతాయి. రోజుకు మందు పద్దెనిమిది, గాలి పోవడానికి వదిలేది రెండు, మొత్తం ఇరవై. తొమ్మిది రోజులకు నూట ఎనభై పోయి నూట ఇరవై మిగలాలి. గీత వంద దగ్గరుంది. గడియారానికి తీగ తగిలించి లోపలి లెక్క చూశాను. ఆరే నొక్కులున్నాయి.

మూడు రోజులు గడియారం ఆమె నొక్కును మింగేసింది. ఆ మూడింటిలో ఏదో ఒక రోజు ఆమె గడియారాన్ని నమ్మింది, ఆ రెండోసారి నొక్కడం మరిచింది.

“అక్కా, ఏ రోజైనా రెండుసార్లు వేసుకున్నావా?”

“లేదురా. ఉంటే గుర్తుండదూ?” అంది. అని తనే తల దించుకుంది.

“మొన్న సుత గిట్లనే అడిగితివి టీచరమ్మా,” అంది పక్కింటామె. “చెమటలు పట్టి కూసున్నవ్. చెయ్యి వణుకుతుండె. నేనే చాయ్ పోసిన. చక్కెర లేని చాయ్ నాకు చేయరాదన్నా, తిట్టకు.”

తిట్టడమా! ఆ చాయ్‌లోని చక్కెరే ఆ రోజు అక్కను నిలబెట్టింది.

ఆ రాత్రి అక్కడే ఉన్నాను. పొద్దున అక్క మందు వేసుకుని, బటన్ మీద వేలు పెట్టి, నొక్కకుండా కూర్చుంది.

“నొక్కవేంటక్కా?”

“ఆగరా. ఏడూ యాభై తొమ్మిదే అయింది.”

“అయితే ఏం?”

“అయితే ఏమేంటి? నా బడిలో ఏనాడైనా గంట వేళకు ముందు మోగిందా?”

అంకె ఎనిమిదికి మారింది. మారుతుండగానే నొక్కింది. నొక్కి, గడియారం వంక చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. గంట మోగాక మోగిందో లేదోనని ఎవరు చూస్తారు?

నేను చూశాను. తెర మీద ‘వేసుకోలేదు’ అనే ఉంది.

నిమిషం మార్చడానికి చిప్పు లేస్తుంది, కొత్త అంకెలు గీస్తుంది, వచ్చిన పిలుపులన్నీ తుడిచేసి పడుకుంటుంది. ఆ గీసే కాస్త వ్యవధిలో నొక్కేవాళ్లు ఉంటారని నేను అనుకోలేదు. అక్క రోజూ సరిగ్గా ఆ అంచునే నొక్కుతోంది; రెప్పపాటు ఆలస్యమైన రోజు మాత్రమే లెక్కపడుతోంది. ఒక నొక్కు రెండవుతుందేమోనని భయపడినవాణ్ని, ఉన్న ఒక్కటీ పోతుందేమోనని భయపడలేదు.

ప్రోగ్రాం మార్చాను. ఇప్పుడు అంకెలు గీస్తుండగా వచ్చిన పిలుపు అలాగే ఆగి ఉంటుంది. లెక్కలోకి ఎక్కాకే చెరుగుతుంది. లెక్కపడగానే గడియారం మణికట్టు మీద గట్టిగా అదురుతుంది. రద్దు చేయాలంటే బటన్‌ను అదిమి పట్టుకోవాలి. అక్కలాగే నిమిషం మారుతుండగా నొక్కి చూశాను. ఒక్కటీ పోలేదు. అయినా రోజూ ఎనిమిది దాటగానే ఫోన్ చేస్తాను. ఆమె ఎత్తేదాకా కాటా మీద అంకెలు నా కంటికి ఆనవు.

మూడు నొక్కులకు కారణం దొరికింది. పెన్నులో తగ్గిన మందుకు మాత్రం అక్క ఇప్పటికీ ఒకటే చెబుతుంది, “సూది సరిగ్గా బిగించలేదేమోరా, కారిపోయి ఉంటుంది.” కారిన మరక కోసం దిండు గలీబులు, టేబుల్ గుడ్డ, ఆమె చీరలు అన్నీ చూశాను. ఎక్కడా లేదు. ఆమె ఒంట్లోకి వెళ్లిందని నా నోటితో నేను అనలేకపోతున్నాను. అది ఎక్కడికి పోయిందో నేను ఆమెకు ఇంకా చెప్పాల్సే ఉంది.

ఇరవై యూనిట్లు.