పదిహేడు నుంచి మొదలైన కమ్మీ

నా చిన్నప్పుడు జరిగింది పిడికెడైతే నేను చెప్పేది గంపెడు. ముందే ఒప్పుకుంటున్నాను, మీరే కొంత తగ్గించుకొని చదవండి.

నర్మెట్ట బడిలో మా సైన్సు సారు ఒక ప్రయోగం చేయమన్నారు. రెండు డబ్బాల్లో బొబ్బెర గింజలు పెట్టి, ఒకదానికి పెంట ఎరువు వేసి, రెండోదాన్ని వట్టి మట్టితో వదిలి, మొక్కలు ఎంత పెరిగాయో గ్రాఫు గీయాలి. ఎవరి గ్రాఫు నచ్చితే వాళ్లను జనగామ సైన్సు ప్రదర్శనకు తీసుకుపోతారు. జనగామలో రైలుంది. నేనప్పటికి రైలు చూడలేదు.

నా ఎరువు మొక్క ఇంటి పెంకులు లేపుకొని మబ్బుల్లోకి పోయింది. స్కేలు పెడితే మాత్రం పద్దెనిమిది సెంటీమీటర్లే చూపించింది. వట్టి మట్టిది పన్నెండు.

గ్రాఫు గీయడానికి పక్కింటి అక్క దగ్గరికి పోయాను. ఆమె ఇంటర్లో జీవశాస్త్రం చదివేది. ఆమె చెక్కిన పెన్సిలు మొనతో దోమ పన్ను పీకవచ్చు. బండెడు రేగుపండ్లు ముందర పోసి, వంకర గీత ఒకటి గీసిపెట్టమన్నాను.

"రోజుకొక కొలత రాసుకుంటే గీత గీయాలె తమ్మీ. నువ్వు రెండు డబ్బాలనే పోలుస్తున్నవు, గందుకే కమ్మీలు" అంటూ సున్నా నుంచి గళ్లు లెక్కపెట్టి రెండు నిలువు పట్టీలు నిలబెట్టింది.

ఆమె సొంత తమ్ముడిదీ నా తరగతే. వాడి వట్టి మట్టి మొక్క పద్దెనిమిది సెంటీమీటర్లు, ఎరువుది ఇరవై. ఎరువు ఒంటబట్టనే లేదు. కానీ వాడి కాగితం మీద ఒక కమ్మీ గరికపోచ, ఇంకొకటి చెల్పూరు కరెంటు ప్లాంటు పొగగొట్టం! సారు దూరం నుంచే చూసి, "ఎరువు బలమంటే గిదిరా!" అన్నారు. వాడు జనగామ పోయి రైలు చూశాడు. నా కన్నీళ్లకు ఊళ్లో ఒక కారు వరి పండింది.

తర్వాత ఆ కాగితాన్ని బడి గోడకు అంటించారు. దగ్గరికి పోయి చూస్తే అడుగున సున్నా లేదు, పదిహేడు ఉంది. అక్కడి నుంచి ఒక కమ్మీకి ఒక్క గడి, ఇంకొకదానికి మూడు. అదే చెయ్యి, అదే పెన్సిలు.

"అక్కా, నాకు సున్నా నుంచి, వానికి పదిహేడు నుంచా?"

"గందుల అబద్ధమేముంది? అంకె గక్కడనే ఉన్నది కదా. నువ్వు చూడలే, మీ సారు చూడలే" అంది. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు చూసుడు నేర్చుకోవాలనే గిట్ల చేసిన తమ్మీ" అంది.

ఇప్పటికీ టీవీలో కమ్మీలు చూపించి ఏదో మూడింతలైందని అరుస్తుంటే నేను పైకి చూడను. అడుగున ఏ అంకె ఉందో వెతుకుతాను. పెంచి చెప్పేవాణ్ణి కదా, పెంచడం ఎక్కడ మొదలవుతుందో నాకెరుక.

పెంకులు, పంట, బండెడు పండ్లు... అవన్నీ ఎరువు వేసి పెంచినవి, మీకూ తెలుసు. వట్టిగా కల్పించింది ఒక్కటే. అక్క నా తల మీద చెయ్యి పెట్టలేదు. నేర్చుకోవాలనే చేశానని అనలేదు. "చూడలే" అని, తలుపు దగ్గరికేసుకొని లోపలికి పోయింది. ఆ మిగతా మాట ఇన్నేళ్లుగా ఆమె చేత నేనే అనిపిస్తున్నాను.