బతికున్న డిస్కులకు చావు కబురు

కొట్టు అక్క మొగుడిది. పదకొండేళ్లుగా వెనక బల్ల దగ్గర వంగి కంప్యూటర్లు బాగుచేసేది మాత్రం మరదలు. వీధిలో అంతా ఆమెను స్క్రూడ్రైవరక్క అనేవారు. ముందు కూర్చుని కబుర్లు చెప్పేది బావ.

ఆ ఉదయం ఒక మంత్రసాని కంప్యూటర్ మోసుకొచ్చింది.

"డిస్కు లేదంటోందండీ. ఇరవయ్యేళ్ల కాన్పుల వివరాలు అందులోనే ఉన్నాయి."

బావ మూతైనా తీయలేదు. "డిస్కు పోయిందమ్మా, ఇక ఆశ వదులుకోండి. కొత్తది వేసేస్తాం" అని చావు కబురు చల్లగా చెప్పాడు. ఆవిడ కంప్యూటర్ అక్కడే వదిలి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

బావ భోజనానికి వెళ్లగానే స్క్రూడ్రైవరక్క మూత తీసింది. లోపల రెండు డిస్కులు, అసలుది ఒకటి, ఫొటోలు దాచుకునేది ఒకటి. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ చచ్చింది. స్విచ్ నొక్కగానే ముందు లేచేది బోర్డులోని చిన్న ప్రోగ్రాం. ఏ డిస్కును ముందు చూడాలో దానికో వరస ఉంటుంది. బ్యాటరీ పోయి ఆ వరస చెరిగిపోయింది. అది నేరుగా ఫొటోల డిస్కు దగ్గరికి వెళ్లి, అక్కడ కావలసింది దొరక్క ఆగిపోతోంది. ఆమె బ్యాటరీ మార్చి, అసలు డిస్కును వరసలో పైకి తెచ్చింది. కాన్పుల జాబితా తెర మీదికి వచ్చేసింది.

సంతోషించాల్సింది పోయి ఆమెకు అనుమానం వచ్చింది. బావ 'చచ్చినవి' అని చెప్పి తీయించిన డిస్కులు బల్ల కింద సంచిలో ఉన్నాయి. నాలుగు తీసి తగిలించింది. నాలుగూ బాగున్నాయి. ఒకదాంట్లో ఎవరి పెళ్లి ఫొటోలో.

బావ పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు.

"ఇవన్నీ బతికే ఉన్నాయి బావా. ఇన్నాళ్లూ కొత్తవని నా చేత బిగింపించినవి ఇలాంటివేనా?"

"తుడిచేస్తే కొత్తవే కదా మరదలా! చెప్పేవాడికి వినేవాడు లోకువ" అని ఇకిలించాడు.

వాటిని బిగించింది ఆమె చేతులే. వెళ్లి రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది, రోత పోలేదు.

అతని ముందే మంత్రసానికి ఫోన్ చేసి నిజం చెప్పింది. డిస్కుల సంచి భుజాన వేసుకుంది.

"మీ అక్క మొహం ఎలా చూస్తావు?"

"నీ మొహం చూడకపోతే చాలు. ఛీ!"

డిస్కుల మీద తన చేతిరాతతో యజమానుల నంబర్లున్నాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, డిస్కు తిరిగి ఇచ్చింది. కొందరు దండం పెట్టారు. ఒకాయన ఆమెనే దొంగ అని తిట్టాడు, తలొంచుకుని మాటపడింది. తుడిచేసి అమ్మినవాటి మాటేమిటని ఎవరూ అడగలేదు గానీ, ఆ ప్రశ్న ఆమెను తినేసేది.

ఇప్పుడు ఇంటి ముందుగదిలోనే బల్ల వేసుకుంది. అక్క ఏడాదిపాటు మాట్లాడలేదు. ఆ తరవాత రాకపోకలు మొదలయ్యాయి. ఆమె అక్కింటికి వెళ్తుంది, కూర్చుంటుంది. బావ మంచినీళ్లిస్తే మాత్రం గ్లాసు ముట్టదు.