జొన్నచేనులోకి వెళ్లిన మనిషి

పాతకాలం మీద ఇప్పుడు తీస్తున్న సినిమాలంటే నాకు ప్రాణం. నిజాం రోజులు, తెల్లదొరల రోజులు, గడీలు, కందిళ్ల వెలుగులో గుసగుసలు, ఇలాంటి సినిమా వచ్చిందంటే మొదటి వారంలోనే చూడాలి. సూర్యాపేటలో ఆడకపోతే కోదాడ పోతాను, అక్కడా లేకపోతే మిర్యాలగూడ. బడిలో నేను చదివింది ఏడో తరగతి వరకే. బావి మోటార్లకు వైండింగ్ చేసే పని నాది. మిగతా చదువంతా సూర్యాపేట గ్రంథాలయంలో అబ్బిందే. షాపు మూసి, చేతులకంటిన వార్నిష్ కిరోసిన్‌తో కడుక్కుని వెళ్లి కూర్చునేవాణ్ని. అక్కడి చరిత్ర బీరువాలో నేను చదవని పుస్తకం లేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

ఆ చదువుతో పాటు ఒక అలవాటు కూడా వచ్చింది. నిజాం రాజ్యంలో నడిచే కథలో ఎవడో దూరాన్ని కిలోమీటర్లలో చెప్తాడు. కోసులు అనాలి కదా అని పక్క సీటుకు వినపడేలా అంటాను. గొర్లకాపరి కాళ్లకు కొత్త తోలు చెప్పులు మెరుస్తుంటే నాకు కూర్చోబుద్ధి కాదు. కోదాడలో మా పెద్దమ్మ, ఆమె కూతురు ఉంటారు. ఆ అక్క నాతో సినిమాకు రావడమే మానేసింది. "మా తమ్ముడు సినిమా సూడడు, పరీక్ష పేపర్లు దిద్దుతడు" అని అందరికీ చెప్పేది.

అయితే తప్పులు పట్టడం పైకి కనిపించేది మాత్రమే. ఆ సినిమాల్లో నేను వెతికేది ఒక మనిషిని.

మా అమ్మ తండ్రి మాడుగులపల్లి దగ్గరి ఊళ్లో గొర్లు కాసేవాడు. రజాకార్ల కాలంలో ఒకనాడు తుపాకులు పట్టుకున్న మనుషులు వచ్చి ఊళ్లో మగవాళ్లను కొందరిని తీసుకెళ్లారు. ఆయన మళ్లీ రాలేదు. శవం దొరకలేదు, ఫొటో ఒక్కటీ లేదు. మా అమ్మ అప్పటికి కడుపులో ఉంది. ఆయన పోతుంటే చూసింది మా పెద్దమ్మే. ఐదారేళ్ల పిల్ల. తండ్రి ముఖం ఆమెకు గుర్తు లేదు, వీపు గుర్తుంది. భుజాన గొంగడితో, మనుషుల నడుమ నడుస్తూ, జొన్నచేను మధ్య బాటలోకి వెళ్లాడు. అప్పటి జొన్న మనిషి కంటే ఎత్తు. రెండడుగులు వేశాడో లేదో, ఇక కనపడలేదు.

"ఒక్కసారన్న మర్లి సూడలేదురా మా నాయిన. నేను గాడ్నే నిలబడ్డ" అనేది పెద్దమ్మ. అంట్లు తోముతూ అనేది, బియ్యంలో రాళ్లు ఏరుతూ అనేది. పోయినందుకు కాదు, తిరిగి చూడనందుకు ఆమె ఆయన్ని క్షమించలేదు. చిన్నప్పటి నుంచీ వినీ వినీ ఆ వీపు నాకూ కనపడేది. నేను చూసినట్టే.

రెండేళ్ల కింద ఆ కాలం మీదే ఒక సినిమా వచ్చింది. పెద్దమ్మను తీసుకెళ్తానన్నాను. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి.

"ఎందుకురా తమ్మీ గియన్నీ? అమ్మకు ఉన్న పరేషాన్ సాలదా?" అంది అక్క.

"ఆమె కాలం ఆమె చూసుకుంటది, నీకేంది?" అన్నాను. గ్రంథాలయంలోకి ఎవరినో మొదటిసారి చెయ్యి పట్టి తీసుకెళ్తున్నంత గొప్పగా ఉంది నాకు.

కోదాడలో మధ్యాహ్నం ఆట. పెద్దమ్మ ఏసీ కింద ముడుచుకుని, "గీ సలికి గొంగడి తెచ్చుకునేది ఉండె" అంది. నా చేతిలో పాప్‌కార్న్ చూసి, "పేలాలకు గింత పెద్ద డబ్బనా? ఊరందరికి పంచుతవా?" అంది. ముందు వరుసలో వాళ్లు నవ్వారు.

సగం సినిమా తర్వాత ఆ సీను వచ్చింది. మగవాళ్లను ఊరి బయటికి నడిపించుకుపోతున్నారు. చుట్టూ పచ్చటి వరి, గట్ల పక్కన మెరిసే నీళ్లు. నా నోరు ఊరుకోలేదు. "తప్పు పెద్దమ్మా. అప్పటికి సాగర్ కాల్వ యాడిది? మన దిక్కు గింత వరి యాడిది?" అని చెవిలో అంటుండగానే ఆమె నా మణికట్టు పట్టుకుంది. తెర మీద, భుజాన గొంగడి వేసుకున్న ఒకాయన గట్టు చివరిదాకా నడిచి, ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. ముఖం తెరంతా నిండింది. పేరున్న నటుడు కాదు, ఆ ఒక్క సీనులోనే కనిపించే మనిషి.

పెద్దమ్మ ఏడవలేదు. లైట్లు వెలిగాక "ఇగ పోదాం" అంది, అంతే. నా మణికట్టు మీద ఆమె వేళ్ల అచ్చులు బస్సెక్కేదాకా ఉన్నాయి.

మూడు నెలల తర్వాత కోదాడ వెళ్లాను. పెద్దమ్మ గడప మీద చిక్కుడుకాయలు తుంచుతూ పక్కింటావిడకు చెప్తోంది. "మా నాయిన వరిగట్టు మీద పోయిండు. సివరిదాంక పోయి మర్లి సూసిండు. నన్నే సూసిండు."

నేను చెప్పులు విడవకుండానే నిలబడిపోయాను. "జొన్నచేను కదా పెద్దమ్మా?"

"జొన్న యాడిదిరా? పచ్చగ వరి. నీళ్లు మెరుస్తున్నయ్."

"మర్లి సూడలేదని చెప్పేదానివి..."

నేను తిట్టినట్టు చూసింది. "నేనెప్పుడన్న? కన్నబిడ్డను సూడకుంట ఎట్ల పోతడు?"

వంటింట్లో అక్కకు చెప్పాను, సినిమాలో చూసింది పెద్దమ్మ తన సంగతే అనుకుంటోందని. అక్క పొయ్యి మీది నుంచి తల తిప్పలేదు. "నీకేం నష్టం? మూడు నెలల సంది అమ్మ కడుపునిండ తింటున్నది, మంచిగ పండుకుంటున్నది. దాన్ని గూడ దిద్దుతవా?"

తిరుగు దారిలో సూర్యాపేట బస్సు ఎక్కలేదు. మిర్యాలగూడ మీదుగా మాడుగులపల్లి వెళ్లాను. రైసుమిల్లుల ఊక వాసన దాటాక రెండు వైపులా వరే. ఒక్క జొన్న కంకి కనపడితే చాలనిపించింది. టీ కొట్టు దగ్గర ఒకాయన్ని అడిగాను, ఇటు దిక్కు జొన్న ఎవరైనా వేస్తున్నారా అని.

"జొన్ననా? రొట్టెలకా అన్నా? షుగరొచ్చిందా?" అన్నాడు. "మిర్యాలగూడల ఏ దుకాణంల అడిగినా ఇస్తరు."

ఆ తర్వాతి సారి వెళ్లేసరికి ఆ సినిమా అక్క ఫోన్‌లోకి వచ్చేసింది. పెద్దమ్మ దాన్ని నా చేతికిచ్చి ఆ సీను పెట్టమంది. ముఖం రాగానే ఆపమంది. కళ్లద్దాలు సరిచేసుకుని చాలాసేపు చూసింది.

"ఏమిరా, ముక్కు మీ అమ్మదే గదా?"

"అమ్మదే."

"నన్నే సూస్తుండు గదా? నువ్వు పుస్తకాలు సదివినోనివి. తప్పుంటే చెప్పు."

తప్పులు నా నాలుక మీదే ఉన్నాయి. కాల్వ తవ్వింది తర్వాత. ఆయన చూస్తున్నది కెమెరాను. దాని వెనక ఎవరో గొడుగు పట్టుకుని నిలబడి ఉంటారు. పెద్దమ్మ నా నోటి వైపే చూస్తోంది. సినిమా చూస్తూ ఇన్నేళ్లలో నన్నెవరూ ఇలా అడగలేదు.

"నిన్నే పెద్దమ్మా" అన్నాను.

ఆమె ఫోను తీసుకుని, కొంగుతో తెర తుడిచి, ఒడిలో పెట్టుకుంది.

మా అమ్మ ఇప్పుడు లేదు. పెద్దమ్మ చెప్తుంటే తను ఏనాడూ సరిగ్గా వినలేదని అక్కే అంటుంది. అంటే ఆ జొన్నచేను ఇక నాలో మాత్రమే ఉంది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ అది లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అది జొన్నచేను. ఆయన తిరిగి చూడలేదు.

పాతకాలం సినిమాలు ఇప్పటికీ చూస్తాను, నోరు మూసుకుని. మోటారుకు తీగ చుడుతున్నప్పుడు కళ్లు కాసేపు మూస్తే ఆ వీపు వస్తుంది. భుజాన గొంగడి, రెండు పక్కలా జొన్న. కానీ ఈ మధ్య ఆ మనిషి చేనులోకి పోయే ముందు ఒక్క క్షణం ఆగుతున్నాడు. ఇంకా తిరగలేదు.