మగ్గాల వీధికి ఆట చెప్పిన రోజులు

మా చిన్నప్పుడు ఎవరైనా మ్యాచ్ చూసొస్తే నేరుగా ఇంట్లోకి రానిచ్చేవాళ్లు కాదు... గడప దగ్గరే నిలబెట్టి ఆటంతా చెప్పించుకునేవాళ్లు.

ధర్మవరంలో మాది మగ్గాల వీధి. తెల్లవారకముందే ఇంటింటా గుంట మగ్గం మొదలైతే అమావాస్యకు తప్ప ఆగేది కాదు. మగ్గంలో కూర్చున్న మనిషి ఆట చూడ్డానికి పోలేడు కదా... అందుకని పోయినవాళ్లు వచ్చి చెప్పాలి. మా వీధి పద్ధతి అది.

తొంభైల చివర్లో మాట. మా పద్మక్క తొమ్మిదో తరగతి, నేను ఆరు. అక్క బళ్లో ఖోఖో ఆడేది. తను పరిగెత్తిందంటే జడ కూడా ఎవరికీ చిక్కేది కాదు.

కష్టమంతా ఇంట్లోనే. పట్టుచీర నేసేటప్పుడు అంచు వైపు నుంచి, పోగును మోసుకుపోయే నాడె విసరడానికి నాయన పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఆ మనిషి అక్క. అక్క లేస్తే చీర ఆగుతుంది. పెనుకొండలో మ్యాచ్ ఉందని డ్రిల్ సారు ఇంటికొచ్చి అడిగితే నాయన సగం నేసిన చీర వైపు చూశాడు.

"మీరు ఇంటిదాకా వచ్చినారు కాబట్టి పంపిస్తాండా సార్. ఇదే ఆఖరు," అన్నాడు.

అక్కకు తోడుగా నన్నూ పంపారు. సాయంత్రం ప్యాసింజర్‌లో తిరిగొచ్చాక అక్క కాళ్లు కడుక్కుని గమ్మున మగ్గంలో కూర్చుంది. నేను గడప దగ్గర నిలబడ్డాను.

"గెలిచినారు నాయనా."

"అది సరే. ఎట్ల గెలిచినారో చెప్పు," అన్నాడు, మగ్గం మీంచి తల ఎత్తకుండా.

నాకు ఒళ్లు పొంగిపోయింది. రైలెక్కిన దగ్గర్నుంచీ మొదలుపెట్టాను... కొండ కింద మైదానం, గాలికి లేచే ఎర్రమట్టి, అవతలి జట్టులో తాటిచెట్టంత పొడుగున్న పిల్ల... పక్కింట్లోంచి నారాయణప్ప మామ కేకేశాడు.

"గట్టిగా చెప్పు పాపా, ఈడికి ఇనపడల్యా."

వీధి మధ్యకొచ్చి గొంతు చించుకున్నాను. ఇంకొక్క నిమిషం ఉందనగా అక్క ఆ పొడుగు పిల్ల వెంట పడిందని చెప్పేసరికి మా ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"పోగు తెగింది," అన్నాడు నాయన.

"మాది గూడా తెగిందప్పా," అన్నాడు నారాయణప్ప మామ. ఎదురింట్లోనూ తెగింది... ఆ పక్కనా తెగింది. ఎవరి పోగూ తెగలేదని అందరికీ తెలుసు. అందరూ గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. ఆ నిమిషం ఆటను నేను ఎంతసేపు చెప్పానో నాకే తెలియదు.

అంతా అయ్యాక మా అవ్వ అడిగింది. "మే, ఆ పెనుకొండ ఆడపిల్లోళ్లు ఎవురి బిడ్డలు? ఓడిపోయినాక ఏం చేసినారు?"

"చూడలేదవ్వా," అన్నాను. "అది సూడకుండా ఏం సూసొచ్చినావు?" అంది అవ్వ. నాకు పడిన మొదటి చీవాటు అది. ఇన్నేళ్లుగా పత్రికల్లో ఆటల గురించి రాస్తున్నాను... ఏ మైదానానికి వెళ్లినా ముందు ఆ ప్రశ్నే అడుగుతాను. సగం రాతలు నాకు దాంట్లోంచే వచ్చాయి.

నెల తిరిగేసరికి హిందూపురంలో ఇంకో మ్యాచ్ వచ్చింది. ఆఖరు అన్న మాట అలాగే ఉంది. అక్క అడగలేదు... రాత్రి అన్నం ముందు ఊరికే కూర్చుంది. నాయన అక్కవైపు చూసి, "పోదాం పా. నేనూ వస్తా. చీర అడిగే షావుకారికి పోగు తెగిందని చెప్తాలే," అన్నాడు. అవ్వ నవ్విన నవ్వు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

ఈసారీ నేను వెంట పోయాను. నాయన ఖోఖో ఎన్నడూ చూడలేదు. హిందూపురం మైదానంలో పిల్లలు వరుసగా నేలమీద కూర్చోగానే లేచి డ్రిల్ సారు దగ్గరికి పోయాడు.

"ఏం సార్, మా పాపను కూర్చోబెట్టినారు? ఏం తప్పు చేసింది?"

సారు పడీపడీ నవ్వి, కూర్చున్నవాళ్లే లేచి తరుముతారని విడమరిచి చెప్పాడు. నాయనకు సిగ్గేసింది. కాసేపటికి అవతలి జట్టు కూర్చుంది, ఇక తప్పించుకోవడం మావాళ్ల వంతు. అక్క ఆ వరుసలో అటూ ఇటూ దూరిపోతుంటే నాయన కండువా తీసి గాల్లో తిప్పాడు. "అబ్బబ్బా, నాడె పోయినట్ల పోతాందే," అని పక్కనున్న ముక్కూమొహం తెలియని ఆయన భుజం చరిచాడు.

కానీ ఓడిపోయాం. రైల్లో పిల్లలంతా ఏడుపు. నాకు ఏడుపు కంటే భయం ఎక్కువ... ఓడిపోయి వచ్చారని వీధిలో చెబితే అక్క ఆట ఇక్కడితో సరి. వీధి మొదట్లోనే నారాయణప్ప మామ, "ఏమాయ పాపా?" అన్నాడు. నేను అక్క వెనక్కి జరిగాను.

"నువ్వుండు. నేను చెప్తా," అన్నాడు నాయన.

వీధి మధ్యలో నిలబడి చెప్పాడు. పంచె ఎగ్గట్టి పరిగెత్తి చూపించాడు... వంగి చూపించాడు... తను సారును అడిగిన తప్పుడు ప్రశ్న కూడా దాచుకోలేదు. మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఈసారి పోగు తెగిందని కూడా ఎవరూ అనలేదు.

"అయితే గెలిచినట్లేనా?" అన్నాడు నారాయణప్ప మామ.

"లేదప్పా, ఓడిపోయినాం," అన్నాడు నాయన. "వచ్చే ఏడు మళ్లా పోతాండాం."

అక్క గడపలో కూర్చుని మొహం మోకాళ్లలో దాచుకుంది. నవ్విందో ఏడ్చిందో ఇప్పటికీ చెప్పదు.

ఎన్ని ఆటల గురించి రాశానో... ఆ సాయంత్రం నాయన చెప్పినంత బాగా ఒక్కటీ రాయలేకపోయాను. ఇప్పుడు మా వీధి నిండా కరెంటు మగ్గాలు. స్కోరు అందరి చేతుల్లోని ఫోన్లలోనే ఉంటుంది. ఎవరు గెలిచారో క్షణంలో తెలుస్తుంది... ఎట్ల గెలిచారో చెప్పమని అడిగేవాళ్లే లేరు.

మీ వీధిలో ఆట చూసొచ్చి చెప్పినవాళ్లు ఎవరు? చెప్పండి... నేను గడప దగ్గరే కూర్చుని వింటాను.