అత్తాకోడళ్ల న్యూక్లియస్ ఒకటే

2023, మిరపకోతల కాలం. కర్నూలులో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా ఉన్నాను. నాకు ఓపిక తక్కువ, ఉపన్యాసాల పిచ్చి ఎక్కువ. ఈ రెంటికీ పరీక్ష పెట్టడానికే అన్నట్టు కోసిగి నుంచి ఈరమ్మ వచ్చింది. వెంట కోడలు నాగవేణి, బుగ్గల మీద సగం కడిగిన జాజు పూత.

ముఖం ఎర్రగా పేలితే సర్పి అని మా వైపు ఎర్రమన్ను పూయిస్తారు. పరీక్షలకు పంపిన డాక్టరమ్మ దాన్ని కడిగించి, లూపస్ కావచ్చంది. మూత్రంలో ప్రొటీన్ పోతోంది. మందులు ఆలస్యమైతే కిడ్నీలు దక్కవు, ఎండ అసలు తగలకూడదు. ఈరమ్మేమో కోడల్ని గుంటూరు మిరప చేలకు కూలికి తీసుకుపోతానంటోంది.

లూపస్‌లో శరీరం తన ప్రొటీన్ల మీదికే యాంటీబాడీలను ఉసిగొల్పుతుంది. వాటిని పట్టే పరీక్ష ఏఎన్ఏ. గాజు స్లైడు మీద పరిచిన మనిషి కణాలపై రోగి సీరం, అంటే రక్తంలోని తేట, వేస్తాం. యాంటీబాడీలు కణం నడుమనున్న న్యూక్లియస్‌కు అతుక్కుంటే, ఆపైన వేసే రంగుమందు వల్ల అది మైక్రోస్కోపులో ఆకుపచ్చగా వెలుగుతుంది. నాగవేణి స్లైడు దీపావళిలా ఉంది. మిగతా పరీక్షలూ లూపస్ అనే తేల్చాయి.

ఈరమ్మ నమ్మలేదు. పిలిచి చూపించాను.

"ఇవి మా కోడలివేనా?"

"కాదమ్మా, వేరే మనిషివి. ల్యాబ్‌లో పెంచినవి."

"దీని నెత్తురు యాడి మనిషినో పట్టుకుంటే మా పిల్లకేం రోగమప్పా?"

మంచి ప్రశ్నే. "న్యూక్లియస్‌లోని ప్రొటీన్లు మనుషులందరికీ దాదాపు ఒకటే. మీకూ ఆమెకూ కూడా."

"నాకూ దీనికీ ఒకటేనా? రొట్టె తట్టేది గూడ రాదు దీనికి!"

నాగవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. "మీ కణాలు పెట్టినా ఆమె సీరం ఇట్లే పట్టుకుంటుంది!" అన్నాను.

ఈరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ఇది అంటుకునే రోగం కాదని మొత్తుకున్నాను. వింటేనా!

"ఏమే, మాత్రలు నా ఎదురుగానే మింగు. గుంటూరూ వద్దు, ఏమొద్దు. నీడన పడుండు."

కొన్ని నెలలకు మళ్లీ వచ్చారు. ప్రొటీన్ పోవడం బాగా తగ్గింది. నాకెంత సంతోషమో! కోడలికి గొడుగు పట్టింది ఈరమ్మే.

"ఇంకా భయమేనా?" అని ఏడిపించాను.

"భయం ఎప్పుడో పాయ. లోపల ఇద్దరిదీ ఒకటేనంటివే. దానికేమన్నా అయితే నాకు గాదా?"

నా ఉపన్యాసాల్లో నేనెన్నడూ చెప్పని సంగతి ఇది. అప్పట్నుంచి మాట తగ్గించి, వచ్చినవాళ్లకు మైక్రోస్కోపు ముందు కుర్చీ వేస్తున్నాను.